సూదిని వదిలి మనిషిని నిందించడం

హెపటైటిస్ సి మత్తుమందు సూదులు వాడేవారికీ, దారి తప్పినవారికీ వచ్చే జబ్బన్న అభిప్రాయం చదువుకున్నవారిలో కూడా బలంగా ఉంది. ఒకే సిరంజితో మత్తుమందు ఎక్కించుకునేవారిలో ఈ వైరస్ ఎక్కువన్న మాట నిజమే. పంజాబ్‌లోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ అది కనిపిస్తూనే ఉంది. అయితే వైరస్‌కు కావలసిందల్లా ఒకరి రక్తం మరొకరి రక్తంలో కలిసే దారి. ఆ దారి వ్యసనం వల్ల తెరుచుకుందా, వైద్యం వల్ల తెరుచుకుందా అన్న తేడా దానికి లేదు. జబ్బును నడవడికతో ముడిపెట్టడం శాస్త్రం కాదు, అన్యాయం.

ఈజిప్టు చరిత్ర చూస్తే ఈ అభిప్రాయం నిలబడదు. నైలు కాలువల్లో దిగి పనిచేసే రైతులను బిల్హార్జియా అనే పరాన్నజీవి వ్యాధి తరతరాలుగా పీడించింది. దాన్ని అదుపు చేయాలని 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వమే ఊరూరా టార్టార్ ఎమెటిక్ అనే మందును నరానికి ఎక్కించింది. ఒక్కొక్కరికి వారాల తరబడి ఇంజెక్షన్లు పడ్డాయి. గాజు సిరంజిలను సరిగా మరిగించకుండానే ఒకరి తర్వాత ఒకరికి వాడారు. హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించింది 1989లో గనుక అప్పటి సిబ్బందికి దాని పేరు తెలియదు. సూదిని శుద్ధి చేయాలన్న సంగతి మాత్రం అంతకు చాలాముందే తెలుసు. ప్రాజిక్వాంటెల్ మాత్రలు వచ్చాక ఆ ఇంజెక్షన్లు ఆగాయి. అప్పటికే వైరస్ పల్లెల్లో పాతుకుపోయింది. 2008 జాతీయ సర్వేలో 15 నుంచి 59 ఏళ్లవారిలో 14.7 శాతం మంది రక్తంలో దాని యాంటీబాడీలు కనిపించాయి. వీరిలో అత్యధికులు మత్తుమందు ముఖం చూడనివారు, జబ్బు నయమవుతుందని నమ్మి చెయ్యి చాపినవారు.

భారతదేశంలో ప్రమాదం ఎవరికన్నది కూడా ఈ వెలుగులోనే చూడాలి. రక్తదాతలకు హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది 2000 దాటాకే. అంతకుముందు కాన్పులోనో ఆపరేషన్‌లోనో రక్తం ఎక్కించుకున్నవారు, తరచూ రక్తం అవసరమయ్యే తలసీమియా పిల్లలు, హీమోఫీలియా ఉన్నవారు, డయాలసిస్ మీద బతుకుతున్నవారు అందరూ ఈ లెక్కలోకి వస్తారు. కిడ్నీ జబ్బుతో తల్లడిల్లే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ పరికరాల శుద్ధి అందుకే ప్రాణాలతో ముడిపడిన విషయం. జ్వరమొచ్చినా నీరసమొచ్చినా సూది వేస్తేనే వైద్యం జరిగినట్టన్న నమ్మకం తెలుగు పల్లెల్లో ఇప్పటికీ పోలేదు. వాడిన సిరంజినే మళ్లీ వాడితే ఆ నమ్మకమే వైరస్‌కు వాహనమవుతుంది. శుద్ధి చేయని పచ్చబొట్టు సూది, క్షౌరశాలలో మార్చని బ్లేడు కూడా ప్రమాదకరమే. వైరస్ ఉన్న తల్లులకు పుట్టే ప్రతి వందమంది శిశువుల్లో సుమారు ఆరుగురికి అది సోకుతుంది. దంపతుల మధ్య లైంగికంగా సోకడం అరుదు; హెచ్‌ఐవీ ఉంటే ముప్పు పెరుగుతుంది.

కలిసి తినడం వల్ల, ఒకే గ్లాసుతో నీళ్లు తాగడం వల్ల, కౌగిలించుకోవడం వల్ల ఇది రాదు. తల్లిపాల ద్వారా కూడా రాదు. రోగికి కంచం వేరు చేయడం వల్ల ఎవరికీ రక్షణ లేదు, ఆ మనిషి మనసు గాయపడడం తప్ప.

తప్పుడు అభిప్రాయం వల్ల జరిగే అసలు నష్టం పరీక్ష దగ్గర. వైరస్ సోకినా చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. పచ్చకామెర్లు కనిపించాలన్న నియమం లేదు. దీర్ఘకాలంగా వైరస్ ఉన్నవారిలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో కాలేయం గట్టిపడి సిర్రోసిస్ రావచ్చు. ఇది తనలాంటివారికి వచ్చే జబ్బు కాదని అనుకునే గృహిణికి పరీక్ష ఆలోచనే రాదు. నలుగురూ ఏమనుకుంటారోనని వెనకాడేవారు మరెందరో. 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా నయమయ్యే జబ్బుకు, 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితంగా దొరుకుతున్న దేశంలో, ఇలా ప్రాణాలు పోవడం క్షమించరానిది. ఈజిప్టు 2018లో ఎవరి నడవడికనూ ఆరా తీయకుండా వయోజనులందరినీ పరీక్షకు పిలిచింది. కొన్ని నెలల్లోనే దాదాపు 5 కోట్ల మందిని పరీక్షించింది. అమెరికా కూడా 2020 నుంచి వయోజనులందరూ కనీసం ఒకసారి పరీక్ష చేయించుకోవాలని చెబుతోంది.

యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ ఇంకా ఉందని కాదు. కొందరిలో అది దానంతటదే పోతుంది. ఆర్‌ఎన్‌ఏ పరీక్షతోనే నిర్ధారణ. దీనికి టీకా లేదు. నయమైనవారికి కూడా కలుషితమైన సూది గుచ్చుకుంటే మళ్లీ సోకవచ్చు. వారి రక్తంలో యాంటీబాడీలు మిగిలే ఉంటాయి గనుక, అప్పుడు కూడా ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చేయించాలి.