సైకిలు సవారికి బస్కీలు అవసరమా?

తూర్పు కనుమల పాదముననున్న చీడికాడ ప్రాంతమున సైకిలు క్రొత్త వస్తువు కాదు. 2022వ సంవత్సరము వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరిన యీ మండలమున, పాలకాన్లు కట్టుకొని చోడవరము పోవువారును, బెల్లపు దిమ్మెలు వేసికొని సంతకు పోవువారును సైకిలునే నమ్ముకొని తరములు గడపిరి. వారిలో తాలింఖానా గడప త్రొక్కినవారు అరుదు. త్రొక్కగా త్రొక్కగా కాళ్లు వాటంతట అవే గట్టిపడునని వారి నమ్మకము.

నేడు తలకు గట్టిటోపీ ధరించి, సన్నని చక్రముల సైకిళ్లపై దూరప్రయాణములు చేయు యువకులు రాష్ట్రమంతటను కనబడుచున్నారు. వారిది తోటివారిని ఓడించు పందెము కాదు; గడువులోపల గమ్యము చేరుటయే వారి పని. ప్యారిసు నగరమందలి సంఘము ఏర్పఱచిన నియమముల ప్రకారము 200 కిలోమీటర్లను 13½ గంటలలోను, 300 కిలోమీటర్లను 20 గంటలలోను, 600 కిలోమీటర్లను 40 గంటలలోను ముగింపవలెను. ప్యారిసు నుండి బ్రెస్టు రేవునకు పోయి తిరిగి వచ్చు 1,200 కిలోమీటర్ల సవారికి 90 గంటలు గడువు. 1891లో ఆ దారిని మొదట గెలిచిన టెరోన్ అనునాతడు సుమారు 71 గంటలలో ముగించెను. ఇట్టి సవారీలకు సిద్ధపడువారిలో కొందఱు జిమ్ములకు నెలనెలా రుసుము చెల్లించి ఇనుప బరువులు ఎత్తుచున్నారు. అది వృథా వ్యయమని కొందఱును, అదియే అసలు రహస్యమని కొందఱును వాదించుచున్నారు. పల్లెటూరి పిల్లవానికి ఈ వాదము వినోదము కాదు. తండ్రి చెఱకు సొమ్ములో నుండి జిమ్మునకు డబ్బు అడుగవలెనా, వలదా అనునది అతనికి నిజమైన ప్రశ్న.

వృథా యనువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. నిమిషమునకు 80 చుట్ల చొప్పున త్రొక్కువాడు గంటకు 4,800 చుట్లు త్రొక్కును. పది గంటల సవారిలో 48,000 చుట్లు. సమతలమున మితమైన వేగముతో సాగునపుడు, ఒక్కొక్క త్రొక్కుడులో పెడలుపై పడు బలము సగటున పది కిలోల బరువు ఆనినంత మాత్రమే. పది కిలోలు త్రొక్కుటకు నూఱు కిలోలెత్తు కాలెందుకు? దూరపు సవారి గుండెకును, ఊపిరితిత్తులకును, కడుపులో పడిన తిండికిని సంబంధించినది గాని కండబలమునకు సంబంధించినది కాదని వీరందురు. వీరి లెక్కలో తప్పు లేదు. లెక్క మధ్యలో ఆగిపోయినది, అంతే.

కండరములలో ముఖ్యముగా రెండు విధములైన పోగులు కలవు. కొన్ని మెల్లగా ముడుచుకొనును గాని త్వరగా అలసిపోవు. మఱికొన్ని వేగముగా ముడుచుకొని, దాచిన పిండిపదార్థమును త్వరగా ఖర్చుచేసి, త్వరగా అలసిపోవును. చిన్న బలము చాలినంతవఱకు శరీరము మొదటివానినే వాడును. అవి చాలనపుడు రెండవవానిని పిలుచును. కాలి గరిష్ఠబలము పెరిగినచో, ఆ పది కిలోల త్రొక్కుడు దానిలో మఱింత చిన్న భాగమగును. అందుచేత అలసిపోవు పోగులను పిలువవలసిన వేళ వెనుకకు జరుగును. చెఱకు బండి తోలువానికి ఈ విషయము చెప్పనక్కఱలేదు. పది బస్తాలు లాగగల యెద్దులకు నాలుగు బస్తాలు ఆటగా నుండును. ఐదు బస్తాలకే డొక్కలెగురవేయు యెద్దులకు ఆ నాలుగే సాయంకాలమునకు గండమగును.

ఇది ఊహ మాత్రమే కాదు. పరీక్షించి చూచినవారు కలరు. అమెరికా దేశమున హిక్సన్ అను పరిశోధకుడు 1988లో ప్రకటించిన ఫలితము ప్రకారము, అప్పటికే ఓర్పు సాధన గలవారు పది వారములు కాళ్ల బలమునకై బరువులెత్తగా, సైకిలుపై అలసిపోవువఱకు త్రొక్కగల కాలము 71 నిమిషముల నుండి 85 నిమిషములకు పెరిగెను. నార్వే దేశీయుడు రోనెస్టాడ్, ఆయన సహచరులు 2011లో చేసిన ప్రకటన యింకను ఆసక్తికరమైనది. వారు సవారులచేత 185 నిమిషములు తేలికగా త్రొక్కించి, ఆపై ఐదు నిమిషములు ప్రాణము పెట్టి త్రొక్కుమనిరి. పండ్రెండు వారములు వారమునకు రెండుసార్లు బరువులెత్తినవారు ఆ చివరి ఐదు నిమిషములలో సుమారు 7 శాతము ఎక్కువ శక్తిని చూపిరి. కేవలము సైకిలు త్రొక్కినవారిలో మార్పు కానరాలేదు. అనగా లాభము బయలుదేరునపుడు కాక, మూడు గంటలు గడచి కాళ్లు మొండికేయు వేళ బయటపడినది. దూరపు సవారికి కావలసినది అదియే కదా!

ఎదురు సాక్ష్యమును దాచుట న్యాయము కాదు. 1999లో బిషప్ అను పరిశోధకుడును, తోటివారును 21 మంది స్త్రీ సవారులను పరీక్షించిరి. బస్కీలు తీసినవారి కాళ్ల బలము మూడవ వంతుకు పైగా పెరిగినను, గంటసేపు త్రొక్కు పరీక్షలో వారికి మేలు కలుగలేదు. కనుక బలము పెరిగినంతనే వేగము పెరుగునని ప్రమాణము చేయువారిని నమ్మరాదు. అయినను ఒక్క బస్కీలతో పండ్రెండు వారములు చేసిన ఆ పరీక్షకంటె, పలువిధముల బరువులతో ఎక్కువ కాలము సాగిన సాధనల ఫలితమునకే యెక్కువ విలువ నీయవలసియున్నది. డెన్మార్కు దేశపు యువజట్టు సవారులపై ఆగార్డ్ బృందము 2011లో ప్రకటించిన పరీక్ష అట్టిది. అది పదునాఱు వారములు సాగెను. 45 నిమిషముల సవారిలో వారికి 8 శాతము మేలు కలిగెను.

ఈ డెన్మార్కు పరీక్ష మఱియొక భయమును గూడ తీర్చుచున్నది. బరువులెత్తిన కండ పెరుగును, కండ పెరిగిన ఒళ్లు బరువెక్కును, ఒళ్లు బరువెక్కిన కొండ యెక్కలేమని పలువురు జంకుదురు. మాడుగుల దాటి పాడేరు ఘాటు ఎక్కిన వానికి ఈ భయము సహజమే. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. సైకిలుతో కలిపి 80 కిలోలున్నవాడు ఒక కిలో పెరిగినచో, రెండు గంటల ఎక్కుడులో ఒకటిన్నర నిమిషము నష్టపోవును. కాని ఆ జట్టువారి కండరపు పోగులు లావెక్కలేదు. త్వరగా అలసిపోవు పోగులలో కొన్ని అలసటకు ఓర్చు రకముగా మాఱెను. సైకిలు సాధన మానక చేయువానికి కండ అంత తేలికగా పెరుగదు. హిక్సనే 1980లో ఈ సంగతి చూపెను: రెండు సాధనలు కలిపి చేసినవారికి కొన్ని వారముల పిమ్మట బలము పెరుగుట ఆగినది, ఓర్పు మాత్రము తగ్గలేదు.

ఐతే ఏ బలము, ఎట్టి సాధన అనునది తెలియవలెను. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు గుండెపై ఏనుగు నెక్కించుకొని, పరుగెత్తబోవు మోటారుకార్లను పట్టి నిలిపెను. ఆయన విగ్రహము విశాఖ సముద్రతీరమున నున్నది. శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్కులలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గైకొనెను. అవి కొన్ని క్షణములలో వెల్లువెత్తు బలములు. వాని గౌరవము వానిది. దూరపు సవారి ఆ మార్గమున పోనక్కఱలేదు. అద్దము ముందు నిలిచి భుజములు పెంచుకొనుట అతనికి మఱింత నిష్ప్రయోజనము; ఆ భుజములను కొండపైకి మోయవలసినవాడు తానే. పైన చెప్పిన పరీక్షలలో సవారులు ఎత్తినది కాళ్లకు పనికల్పించు పెద్ద బరువు. కొద్ది సార్లకు మించి యెత్తలేనంత బరువది. ఎత్తినది వారమునకు రెండు మూడు పూటలే.

ఎముకల మాటయు మఱవరాదు. సైకిలుపై కూర్చున్నవాని బరువును చక్రములు మోయును. అందుచే సంవత్సరముల తరబడి సవారియే వ్యాయామముగా గలవారిలో వెన్నెముక పలుచబడుట వైద్యులు గమనించిరి. బరువు మోసిన ఎముకయే గట్టిపడును. ఈ యొక్క కారణము చేతనైనను సవారి బరువుల సాధన చేయదగును.

ఇక రుసుము సంగతి. వారమునకు రెండు మూడు గంటలైనను సైకిలెక్కనివాడు జిమ్మునకు సొమ్ము పోయుట తగదు. వాడు ముందు ఆసనము ఎత్తు సరిచేసికొని, సవారి కాలము పెంచుకొనవలెను. మొదటి లాభమంతయు అందులోనే యున్నది. చాలకాలము త్రొక్కి, ఇక ముందుకు సాగలేకున్నవానికే బరువు ఎక్కువ మేలు చేయును. ఆ బరువు మెఱుగు పెట్టిన ఇనుమే కానక్కఱలేదు. వీపున ధాన్యపు బస్తాతో మెట్టు ఎక్కుట, ఒంటికాలి బస్కీ, కోనాం జలాశయపు గట్టుపై ఏటవాలు ఎక్కుడు, ఇవన్నియు కాలికి బరువులే. బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురను మాటకు ఆధారము లేదు. కాని నడుము వంచి తప్పుగా ఎత్తినచో దెబ్బ తగులును. ఎనిమిదవ తరగతి వయసువారు తమ ఒంటి బరువుతోడనే మొదలుపెట్టి, వ్యాయామోపాధ్యాయుని కన్నుల యెదుట సాధన చేయుట మేలు.

కాలము విషయమున చీడికాడ వాతావరణమే చక్కని పంచాంగము. జూలై మొదలు సెప్టెంబరు వఱకు వానలచే ఘాటు రోడ్లు జారుచుండును. దూరపు సవారికి అది అదను కాదు. ఆ మూడు నెలలును వారమునకు రెండు పూటలు బరువులకు కేటాయింపవచ్చును. వానలు వెనుకబట్టి దూరపు సవారులు మొదలైన పిమ్మట వారమునకు ఒక్క పూట చాలును. సంపాదించిన బలము ఆ మాత్రముతోనే నిలుచునని 2010లో నార్వే పరిశోధకులు చూపిరి. ఆ యొక్క పూటను గూడ సవారి మఱునాడు పెట్టుకొనవలెను గాని, ముందునాడు పెట్టుకొనరాదు.