పరదేశంలో అద్దె బైకు: దుకాణదారు అడగని ప్రశ్న

2023 నవంబరులో థాయిలాండ్ భారతీయులకు వీసా మినహాయించిన తరువాత, మా మెదక్ వంటి చిన్న పట్టణాల యువకులు కూడా పటాయా, ఫుకెట్ యాత్రలకు బయలుదేరుతున్నారు. తిరిగి వచ్చినవారిలో ఒకరిద్దరు కుడి పిక్క లోపలి వైపున కాలిన మచ్చను నవ్వుతూ చూపుతారు. అద్దె స్కూటరు సైలెన్సరు వేసిన ముద్ర అది. పర్యాటకులు దానికి ‘థాయ్ పచ్చబొట్టు’ అని పేరు కూడా పెట్టారు. అటువంటి గాయాన్ని వెంటనే ఇరవై నిమిషాల పాటు చల్లని కుళాయి నీటి ధార కింద ఉంచాలి. పేస్టు, పసుపు, మంచుగడ్డ పనికిరావు.

అంతటితో పోతే అదృష్టమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక ప్రకారం థాయిలాండ్ రోడ్డు మరణాలలో దాదాపు నాలుగింట మూడు వంతులు రెండు, మూడు చక్రాల వాహనాలపై ప్రయాణించేవారివే.

అద్దె దుకాణంలో సాధారణంగా లైసెన్సు అడగరు. డబ్బు చెల్లిస్తే తాళం చేతికి వస్తుంది. ఆ ప్రశ్న అడిగేది బీమా సంస్థ. అదీ మీరు తొడ ఎముక విరిగి ఆసుపత్రి మంచంపై ఉన్నప్పుడు. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా నడిపినా, మద్యం సేవించి నడిపినా ప్రయాణ బీమా పాలసీలు సాధారణంగా పరిహారం ఇవ్వవు. కారు లైసెన్సు బైకుకు చెల్లదు. అంతర్జాతీయ పర్మిట్టును మన రవాణా కార్యాలయమే ఇస్తుంది. దాని గడువు ఒక్క ఏడాది. మన లైసెన్సులో లేని వాహన వర్గం అందులోనూ ఉండదు. వియత్నాం విషయంలో మరొక చిక్కు ఉంది. మన పర్మిట్టు 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. ఆ దేశం 1968 వియన్నా ఒప్పందపు పర్మిట్టునే గుర్తిస్తుంది. పైగా అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి.

వైద్యునిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రక్తం. మన దేశంలో సుమారు నూటికి ఐదుగురు ఆర్‌హెచ్ నెగటివ్ గ్రూపువారు. థాయిలాండ్, వియత్నాం ప్రజలలో నూటికి ఒక్కరు కూడా ఉండరు. ఓ నెగటివ్ గల యువకునికి అర్ధరాత్రి ఒక చిన్న ద్వీపంలో నాలుగు యూనిట్లు అవసరమైతే ఎక్కడి నుండి తెస్తారు? తన గ్రూపు తెలియకుండా ఎవరూ విమానం ఎక్కవద్దు. నెగటివ్ అయితే బైకు ఆలోచనే మానుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

హెల్మెట్ తలకు బదులు పెట్రోలు ట్యాంకుపై ప్రయాణించడం మన దగ్గర అలవాటే. ఏడుపాయల జాతర రోజుల్లో ఆ దారిలో నిలబడితే కళ్లారా చూడవచ్చు. హెల్మెట్ వల్ల తలగాయాల ముప్పు సుమారు 69 శాతం, మరణ ముప్పు 42 శాతం తగ్గుతుందని 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అద్దె దుకాణాలలో ఇచ్చేవి చాలావరకు పలుచని టోపీలు, పట్టీ తెగినవి. బైకు నడపక తప్పదనుకుంటే ఐఎస్‌ఐ ముద్ర ఉన్న సొంత హెల్మెట్ తీసుకువెళ్లాలి. బరువు సాధారణంగా కిలోన్నరకు అటూ ఇటూ ఉంటుంది. చీరలకూ చాక్లెట్లకూ పెట్టెలో చోటు దొరుకుతున్నప్పుడు దీనికి దొరకదా?

ఇంటి దగ్గర రోజూ బైకు నడపనివారు విదేశంలో మొదలుపెట్టడం శుద్ధ అవివేకం. గ్రాబ్ యాప్‌లో కారు దొరుకుతుంది. నలుగురు పంచుకుంటే భారం కాదు.

లైసెన్సు, పర్మిట్టు, బీమా అన్నీ ఉన్నవారికి ఒక్క మాట. పూచీగా పాస్‌పోర్టు పెట్టమని దుకాణదారు అడిగితే నగదు, నకలు ఇవ్వండి. ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి వెళ్లండి. ప్రమాదం జరిగితే ఆసుపత్రిలో చేరడానికీ, రాయబార కార్యాలయానికి వెళ్లడానికీ, స్వదేశానికి తిరిగి రావడానికీ ఆ పాస్‌పోర్టే కావాలి. అది అద్దె దుకాణం సొరుగులో ఉండకూడదు.