ధ్వని భద్రత – మన బాధ్యత

లిఖితప్రతులను కాపాడుకొనుటలో హైదరాబాదు నగరానికి మంచి పేరున్నది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఉర్దూ, పారశీక, అరబ్బీ ప్రతులే ఇందుకు నిదర్శనం. అయితే అక్షరానికి దక్కిన ఈ గౌరవం కంఠస్వరానికి దక్కలేదు. 1935లో దక్కన్ రేడియో ప్రసారాలు ఆరంభమైన నాటి నుండి ఇక్కడ మైకు ముందు వినిపించిన ముషాయిరాలు, ఖవ్వాలీలు, హరికథలు, ఉపన్యాసాలు ఎన్నో! 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును ప్రవేశపెట్టిన పిమ్మట సామాన్యుడు సైతం వాటిని ఇంట భద్రపరచుకొనగలిగాడు. కాచిగూడ, నాంపల్లి ప్రాంతాల పాత ఇండ్లలో అటువంటి క్యాసెట్లు నేడు మూలపడి శిథిలమవుతున్నాయి.

వాటిని కంప్యూటరులోనికి ఎక్కించాలన్న ఉత్సాహం నేటి యువతలో కనబడుట హర్షణీయం. కాని ఏ రూపంలో ఎక్కించుచున్నామన్నది ముఖ్యం. కాంపాక్ట్ డిస్కు పద్ధతిలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో నమోదు చేస్తారు. ఈ విధంగా కుదించకుండ ఉంచిన స్టీరియో ధ్వని నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు. అదే ధ్వని 128 కిలోబిట్ల ఎంపీ3 రూపంలో ఒక్క మెగాబైటులో ఇముడుతుంది.

ఈ పొదుపు ఎట్లు సాధ్యం? పెద్ద శబ్దం చెంతనున్న చిన్న శబ్దాన్ని మన చెవి గుర్తించలేదు. ఎంపీ3 ఈ లక్షణాన్ని ఆధారం చేసుకొని, చెవికి అందదని తలచిన వివరాలను తొలగిస్తుంది. తొలగినవి మరల రావు. ఎంపీ3ని తిరిగి వేవ్ రూపంలోనికి మార్చితే ఫైలు పదింతలు పెరుగును గాని, ధ్వని ఇసుమంతయు మెరుగుపడదు. అంచు కత్తిరించిన చీరను పెద్ద పెట్టెలో దాచినంత మాత్రాన అంచు మొలవదు కదా! పైగా మార్పులు చేసి ఎంపీ3గా దాచిన ప్రతిసారీ మరికొంత నష్టం జరుగుతుంది.

క్యాసెట్టు నాణ్యతే అంతంతమాత్రం, ఎంపీ3 చాలదా అని కొందరందురు. ఇది సరికాదు. టేపు రొదను కూడ కుదింపు పద్ధతి ధ్వనిగానే భావించి, దానికే చోటు వెచ్చిస్తుంది. బిట్లు తగ్గిన కొలది ఖవ్వాలీ చప్పట్లలోని తాకిడి మొద్దుబారుతుంది, ఉర్దూ షీన్, తెలుగు శకార షకారాల స్పష్టత సన్నగిల్లుతుంది. రేపు రొదను తొలగించే మేలైన సాధనం వచ్చినను దానికి పూర్తి ధ్వని కావలెను.

స్థలాభావమన్నది నేడు సాకు మాత్రమే. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48,000 కొలతలు, 24 బిట్లు ఉండవలెనని సూచించింది. ఆ లెక్కన గంట నిడివి గల ధ్వనికి సుమారు ఒక గిగాబైటు చాలును. ఒక టెరాబైటు డిస్కులో 900 గంటలకు పైగా పట్టును. ఇంకను పొదుపు కోరువారికి 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి ఉన్నది. ఇది చీరను కత్తిరించదు, మడత పెట్టును. విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడ లోపించదు.

కావున మన కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. వార్షికోత్సవ ఉపన్యాసాలు, ముషాయిరాలు, విద్యార్థుల ఇండ్లలోని పాత క్యాసెట్లు — అన్నింటికీ కుదించని మూలప్రతిని గ్రంథాలయంలో ఉంచి, మరొక ప్రతిని వేరొక చోట దాచవలెను. పంచుకొనుటకు ఎంపీ3 చేసికొనుటలో తప్పులేదు. మూలం ఉన్నంత కాలం ఎన్ని నకళ్ళైనను తీయవచ్చు. మూలాన్నే చెరిపివేసి నకలుతో తృప్తి చెందుట విద్యాసంస్థకు తగని పని.