ఆ గుడ్డు ఇప్పుడు పడుతుందేమో!

ఏడాది వయసులో గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లొచ్చాయని, బడికెళ్లే వయసొచ్చినా పిల్లాడికి కేకు ముక్కైనా పెట్టరు కొందరు. నిజానికి పాలు, గుడ్డు అలర్జీలు చాలామందిలో పెరిగేకొద్దీ తగ్గిపోతాయి. వేరుసెనగే మొండిది... అయిదుగురిలో ఒకరికే పోతుంది. అందుకే చిన్నపిల్లలకు ఏడాదికోసారి మళ్లీ పరీక్ష చేయించమంటారు నిపుణులు. చర్మంమీద గుచ్చి చేసే పరీక్షకైతే అలర్జీ మందుల్ని కొన్ని రోజుల ముందే ఆపాలి, అదీ డాక్టర్ని అడిగాకే. దద్దు సైజు, రక్తంలో ఐజీఈ పాళ్లు గతేడాదికన్నా తగ్గాయా, ఆశ ఉన్నట్లే. పాజిటివ్ వచ్చినంతమాత్రాన తింటే పడదనీ కాదు. తేల్చేది ఆసుపత్రిలో డాక్టర్ల కళ్లెదుట కొంచెంకొంచెంగా తినిపించి చూడటమే. 'ఓ చెంచాడు పెట్టి చూద్దాం' అని బామ్మలు అంటుంటారు కానీ, ఆ ప్రయోగం వంటింట్లో వద్దు, ప్రాణంమీదకి రావచ్చు. ఉడికించిన గుడ్డు పడకున్నా, బాగా బేక్ చేసిన కేకులోని గుడ్డుని తట్టుకునే పిల్లలు ఎక్కువే. చాలాచోట్ల డాక్టర్లు మొదట తినిపించి చూసేది దాన్నే.