పులిరాజా చెప్పని సంగతి

‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ ఇరవై ఏళ్ల కిందట రోడ్డెక్కితే చాలు, ప్రచార బోర్డుల మీద ఇదే ప్రశ్న. జనం దాని మీద బోలెడు జోకులేసుకున్నారు. నోరెత్తి అనలేని జబ్బు పేరు టీ కొట్టు దాకా వచ్చిందంటే ఆ ప్రచారం పుణ్యమే. కానీ పులిరాజా ఆడవాళ్ల దగ్గరికి వెళ్లే మగాడు. మగవాణ్ని ఇష్టపడే మగవాడు ఆ బోర్డు మీద లేడు. శ్రీకాకుళం, విజయనగరంలో నేనైతే ఇప్పటికీ అతణ్ని ఏ బోర్డు మీదా చూడలేదు.

మందుల విషయంలో మాత్రం ఫిర్యాదు చేయలేం. 2004 ఏప్రిల్‌లో దేశంలో ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందులు, మొదలైనప్పుడు తొలి విడత రాష్ట్రాల్లో మనదీ ఉంది. 2017 నుంచి రక్తంలో సీడీ4 కణాల లెక్క ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది రోజుకొక్క మాత్ర, టీఎల్‌డీ. అంతకుముందు మాత్రలో ఎఫావిరెంజ్ ఉండేది. వేసుకున్న రాత్రి తల తిరుగుడు, పిచ్చి కలలు, కొందరికి చెప్పలేని దిగులు. అసలే కుంగిపోయి ఉన్నవాడికి ఆ దిగులు మందుదో, తనదో ఎలా తెలుస్తుంది?

ఆ మాత్ర గురించి అసలైన కబురు వేరే ఉంది. క్రమం తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే, సెక్స్ ద్వారా అవతలి మనిషికి హెచ్‌ఐవీ సోకదు. ఇది ఓదార్పు మాట కాదు. 14 ఐరోపా దేశాల్లో 782 గే జంటలను గమనించిన పార్ట్‌నర్-2 అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. ప్రతి జంటలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, మందు వాడుతున్నారు, రెండోవారికి లేదు. కండోమ్ లేకుండా 76 వేలకు పైగా సార్లు కలిశారు. 15 మందికి కొత్తగా సోకింది. వైరస్ జన్యువులు పోల్చి చూస్తే ఒక్కటి కూడా ఇంట్లో మనిషి నుంచి వచ్చింది కాదు.

ఈ మాట వినని మనిషి ఏమవుతాడు? తన ఒళ్లే విషమనుకుని ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. లేదా, ఇంకేముందిలే అని తాగి, మాత్ర మానేస్తాడు. అలాగని కండోమ్ అటకెక్కించమని కాదు. సిఫిలిస్, గనేరియాలను టీఎల్‌డీ ఆపదు. గొంతులో, మలద్వారంలో చేరిన సుఖవ్యాధులు చాలాసార్లు నొప్పీ మంటా లేకుండా ఉంటాయి. సర్కారు సురక్ష క్లినిక్‌లో వైద్యం ఉచితమే. కానీ ‘ఎవరితో’ అని డాక్టరు అడగకపోతే, ఇతను చెప్పకపోతే, పరీక్ష ఎక్కడ చేయాలో అక్కడ జరగదు.

ఎందుకు చెప్పడంటే, హెచ్‌ఐవీ ఉందని చెబితే వెంటనే ‘ఎలా వచ్చింది’ అంటారు. ఒక గుట్టు విప్పితే రెండోది దానంతటదే జారిపోతుంది. అందుకని కౌన్సెలర్ ముందు కూడా పులిరాజా వేషం కడతాడు: ‘ఆడోళ్ల కాడికెళ్లానండి’. ఆ అబద్ధం రికార్డుకెక్కుతుంది. ఆ తర్వాత సలహా అంతా లేని మనిషికే. మన జిల్లా ఆసుపత్రి ఓపీ లైన్లో మేనమామ తోడల్లుడు కనబడకుండా ఉండడు మరి. ఆ భయానికి బస్సెక్కి విశాఖ కేజీహెచ్‌కు పోతే ఒక రోజు కూలి పోయినట్టే. చేపల వేటకని గుజరాత్‌లోని వేరావల్ పోయి, పడవల మీద నెలల తరబడి ఉండేవాడికి అదీ లేదు.

ఊరొస్తే ఒకటే పాట: ‘పెళ్లెప్పుడు సేసుకుంతావురా?’ పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయనే వైద్యం మనకి పాతదే. ఆ వైద్యానికి ఏమీ తెలియని ఓ ఆడపిల్ల జీవితం ఖర్చవుతుంది. ‘మార్చేస్తాం’ అనే డాక్టర్లూ ఉన్నారు. అది వృత్తిపరమైన తప్పిదమని 2022లోనే జాతీయ మెడికల్ కమిషన్ తేల్చింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇద్దరు పెద్దల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. నాలుగు రోజులకే, 10న, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల గోప్యతను కాపాడే, వివక్షను నిషేధించే చట్టం అమల్లోకి వచ్చింది. ఒకే వారంలో రెండు తాళాలూ తీశారు. మనవాళ్లకి ఆ కబురే చేరలేదు.

మందుకొచ్చినప్పుడల్లా కౌన్సెలర్లు నిద్ర పడుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగాలి. ఎవరితో కలుస్తున్నారని మొహం చిట్లించకుండా అడగాలి. రాత్రిపూట గుండె బరువెక్కితే 14416, టెలీ-మానస్, తెలుగులో మాట్లాడతారు, పైసా అక్కర్లేదు. హెచ్‌ఐవీ సందేహాలకు 1097.

ఇంకోటి. ఏటా డిసెంబరు 1న నర్సింగ్ పిల్లల్ని ఎండలో నడిపించి ర్యాలీ తీస్తారు కదా, ఈసారి బ్యానరు మీద ఎర్ర రిబ్బను పక్కన ‘మందు వాడి వైరస్ దొరకని స్థితిలో ఉన్నవారి నుంచి సెక్స్ ద్వారా హెచ్‌ఐవీ సోకదు, మగవాళ్ల మధ్యయినా సరే’ అని రాయించమనండి. అధికారులెవరైనా నొసలు చిట్లిస్తే చూపించడానికి 76 వేల లెక్క ఎలాగూ ఉంది.