‘మా ఊరు’ అని రాసే ముందు

మొన్న జనవరిలో మా కుటుంబమంతా ఉట్నూర్ వెళ్లాం. అమెరికా నుంచి వచ్చిన అన్న, అక్కడి అలవాటు కొద్దీ, పడకలూ వంటగదీ ఉన్న కారవాన్ హైదరాబాద్‌లో అద్దెకు తీసుకున్నాడు. తాత బతికిన చోటు పిల్లలకు చూపించాలని వాడి కోరిక. జన్నారం దాటి కవ్వాల్ అడవిలోకి రాగానే అందరూ కిటికీలకు అతుక్కుపోయారు. టేకు చెట్లు, వాగులు, పొద్దుటి మంచు. ‘‘ఎంత ప్రశాంతంగా ఉందో, మనిషన్నవాడే లేడు’’ అంది వదిన. ఆ సమయానికి పత్తి మూట నెత్తిన పెట్టుకున్న ఒక గోండు స్త్రీ మా బండికి దారి ఇస్తూ రోడ్డు పక్కన నిలబడి ఉంది.

వదినను తప్పుపట్టను. ఆ చూపు ఆమెకు నేర్పింది మనమే. ఆదిలాబాద్ గురించి మనం రాసే యాత్రా వ్యాసాల్లో కుంటాల జలపాతం ఉంటుంది, మోదుగు పూలుంటాయి. మనుషులుంటే గుస్సాడీ ఆడుతూ ఉంటారు. అప్పులు, పట్టాలు, కోర్టు వాయిదాలు ఉండవు. అలాంటి వ్యాసం నేనూ ఒకటి రాశాను. ‘మా తాతగారి ఊరు’ అని పేరు కూడా పెట్టాను.

ఆ తాత 1960లలో జగిత్యాల వైపు నుంచి వచ్చి ఉట్నూర్ దగ్గర కిరాణా దుకాణం పెట్టాడు. అడవిని నమ్ముకుని పైకొచ్చిన మనిషని మా ఇంట్లో చెప్పుకుంటారు. నాయనమ్మ మాత్రం పోయే ముందు నాతో వేరే మాట చెప్పింది. ‘‘అది మన చేను కాదు బిడ్డా. అప్పు కింద ఏలిముద్ర ఏయించుకున్నడు మీ తాత. ఆయన పెండ్లాం వచ్చి మన వాకిట్ల పొద్దుందాక కూసున్నది. అంబలి పోసిన, గంతే.’’ ఆ కాగితం నాయనమ్మ సందుగలో దొరికింది. దాని మీద ఉన్నది 1972.

ఏజెన్సీలో భూముల బదలాయింపుపై 1959లో వచ్చిన నిబంధనలను 1970లో సవరించారు. జనం 1/70 అనేది దీన్నే. దీని ప్రకారం గిరిజనేతరుల పేరు మీద భూమి బదిలీ చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా, కాదని రుజువయ్యే దాకా, గిరిజనుల నుంచి వచ్చినదేనని చట్టం భావిస్తుంది. అంటే మా కాగితం పుట్టుకతోనే చెల్లని కాగితం. 1990లలో ఆ చేనును మావాళ్లు మరో గిరిజనేతరుడికి అమ్మారు. అదీ చెల్లదు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ఇల్లు కట్టారు. ఆ ఇంట్లో కూచునే నేను నవలల్లో స్త్రీల ఆస్తిహక్కు మీద పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథం రాశాను!

ఉట్నూర్ నుంచి గుడిహత్నూర్ వైపు వెళ్తుంటే ఇంద్రవెల్లి వస్తుంది. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. అంతకన్నా ఎంతో ఎక్కువని పౌరహక్కుల సంఘాలన్నాయి. ఆ స్తూపం దగ్గర ఆగుదామన్నాను. ‘‘పిల్లలతో వచ్చి ఇవన్నీ ఎందుకే’’ అన్నాడు అన్న. బండి ఆగలేదు.

అదే మండలంలోని కేస్లాపూర్‌కు పుష్య అమావాస్య నాడు జరిగే నాగోబా జాతర కోసం మెస్రం వంశీయులు ఎడ్లబండ్లు కట్టుకుని కుటుంబాలతో వస్తారు. గోదావరి జలం కోసం మగవాళ్లు జన్నారం మండలం దాకా కాలినడకన వెళ్లివస్తారు. కొత్త కోడళ్లను బేటింగ్‌లో నాగోబాకు పరిచయం చేస్తారు. అక్కడా వంశం మగవాడిదే కాబట్టి దాన్ని ఆదర్శమని చెప్పను. కానీ ఆ ప్రయాణంలో ప్రతి మజిలీకీ ఒక బాధ్యత ఉంది. బండిలోనే వండుకుని, బండిలోనే పడుకుని మేమూ తిరిగాం. తాత జ్ఞాపకాలు తవ్వుకున్నాం గానీ ఏ బాధ్యతా నెత్తిన వేసుకోలేదు.

స్త్రీ ఇల్లు దాటి ప్రయాణం చేయడమే ధిక్కారం కదా, దానికి మళ్లీ ఈ లెక్కలెందుకని మిత్రులు అడగవచ్చు. నిజమే, రోడ్డు మీదికి రావడానికి మనం చాలా పోరాడాం. అయితే మనం ఆనందంగా చూస్తున్న ఆ లోయలో తన చేను పోగొట్టుకుని మరొకరి వాకిట్లో కూచున్నదీ స్త్రీయే. మన స్వేచ్ఛ ఆమె కథను చెరిపి రాసేదైతే, మగవాళ్ల యాత్రా చరిత్రలకూ మన రాతలకూ తేడా ఏముంది? నాయనమ్మ పోసిన అంబలిని సోదరీత్వమని రాసుకోవడం ఇంకా పెద్ద అబద్ధం. అంబలి పోసిన చేతులే ఆ కాగితాన్ని నలభై ఏళ్లు దాచాయి.

ఆ స్త్రీ పేరు కాగితంలో లేదు. వేలిముద్ర భర్తది. ఆమె పేరు నాయనమ్మ నోట విన్నాను కాబట్టి నాకు తెలుసు. ఆ పేరుతో, ఆ కాగితంతో మళ్లీ ఉట్నూర్ వెళ్తాను. ఈసారి కారవాన్‌లో కాదు. వాళ్ల పిల్లలెవరైనా ఉంటే వెతికి కాగితం వాళ్ల చేతిలో పెడతాను, అవసరమైతే మావాళ్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాను. అన్న మాట్లాడటం మానేశాడు. మానేయనీ.

అమ్మమ్మ ఊరి గురించి, తాతల ఊరి గురించి అందంగా రాస్తున్న మిత్రులారా, ఒక్కటే అడుగుతున్నాను. ‘మా ఊరు’ అని రాసే ముందు పాత పహాణీ తీసి చదవండి. అందులో ఎవరి పేరుందో కూడా రాయండి.