పట్టణమున వేసవి, పుట్టినయూరిపై బెంగ

ప్రతి సంవత్సరమును మార్చి నెల సగము గడచి ఒంటిపూట బడులు ప్రారంభమైన నాటినుండి మన పాఠశాలలో ఒకే ప్రశ్న వినవచ్చును. "సెలవులకు ఎక్కడికి పోవుదురు?" బోర్డింగులోని విద్యార్థులు తమ యూరి పేరు చెప్పుదురు. పట్టణమునందే యిల్లు గలవారు తాతగారి యూరి పేరు చెప్పుదురు. ఉపాధ్యాయులమైన మేమును మా యూరి పేరే చెప్పుదుము. కాని జూన్ నెలలో తిరిగి కలిసికొన్నప్పుడు విచారించినచో, ఊరికి పోయినవారు కొందరే యనియు, "పోవలె ననుకొంటిమి గాని పోలేకపోతిమి" అనువారే యెక్కువ యనియు తేలును. ఆ రెండవ తెగలో మేమును పలుమారులు చేరియున్నాము. కావున ఈ వ్యాసమున ఇతరులకు హితవు చెప్పుటకు ముందు మా లోపమును ఒప్పుకొనవలసియున్నది.

పట్టణమున వేసవి కష్టమైనదే. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునను సామెత రాజమహేంద్రవరపు మధ్యాహ్నములను చూచియే పుట్టెనేమో యనిపించును. ఐనను సాయంకాలము గోదావరి గట్టుమీదికి పోయినవారికి ఆ కష్టము గుర్తుండదు. పుష్కరాల రేవునందును, కోటిలింగాల రేవునందును మెట్లపై కుటుంబములు కుటుంబములుగా కూర్చుందురు. నీటిమీదుగా వచ్చు గాలికి చెమట యారును. 1900లో రైళ్లకు తెరవబడి 1997లో విశ్రాంతి పొందిన హేవలాక్ వంతెన మౌనముగా నిలిచియుండ, 1974 నాటి వంతెనపై పోవు రైలు దీపములు నీటిలో వరుసగా కదలుచుండును. పిల్లలు రోజ్ మిల్క్ అడుగుదురు, పెద్దలు ముంజెలు బేరమాడుదురు. బంగినపల్లియు, సువర్ణరేఖయు, రసాలును బజారులో గుట్టలుగా నుండును. పగటివేళ ఎండకు వెరచినవారికి గౌతమీ గ్రంథాలయము కలదు. 1897లో జన్మించి 1925లోనే కన్నుమూసిన దామెర్ల రామారావుగారి చిత్రములుంచిన చిత్రశాల కలదు. కందుకూరి వీరేశలింగముగారు 1890లో కట్టించిన టౌనుహాలు కలదు. ఈ సుఖములను మేము అనుభవింపలేదని చెప్పినచో అసత్యమగును. అనుభవించితిమి, సంతోషించితిమి.

ఇట్లు పట్టణమున సుఖపడుచు పల్లెకై బెంగపడుట కపటమని కొందరందురు. మా యభిప్రాయ మది కాదు. బబులోనుకు చెరగొనిపోబడిన తనవారికి యిర్మీయా ప్రవక్త వ్రాసిన లేఖలో, అక్కడనే గృహములు నిర్మించుకొని, తోటలు వేసికొని, ఆ పట్టణమునకు మేలు కోరవలెనను హితవు కలదు. అంతమాత్రమున యెరూషలేమును మరువవలసినదని ఆయన చెప్పలేదు. ఒకే హృదయమున రెండు స్థలములకు చోటుండవచ్చును.

అంతియే కాదు. ఊరనునది అందరికి ఒకే విధముగా తీపి కాదు. ఊరి మంచినీటి చెరువు మెట్లు దిగరాదని యొడ్డుననే నిలిచి, ఎవరైన దయతలచి కడవలో నీరు పోయువరకు కాచియుండిన దినములు మా అవ్వగారు చూచిరి. ఆ మాట ఆమె నోటనే వింటిమి. అట్టి యింటినుండి వచ్చినవారికి పట్టణపు గ్రంథాలయములో అడ్డు చెప్పువారు లేక కుర్చీ లాగుకొని కూర్చుండుట, రేవు మెట్లపై అందరితో సమముగా గాలి పీల్చుట చిన్న సంగతులు కావు. పట్టణమును ప్రేమించినందుకు అట్టివారు సిగ్గుపడ నక్కరలేదు. ఐనను విచిత్రమేమనగా, అవ్వగారు మాత్రము తుదిదాక తన యూరిని విడువలేదు. మాకును ఆ యూరిపై బెంగ తగ్గలేదు.

పూర్వము వేసవిలో పట్టణము విడుచుట గొప్పవారికి నియమముగా నుండెడిది. 1864 మొదలుకొని బ్రిటిషు రాజప్రతినిధి కొలువు కలకత్తానుండి సిమ్లాకు తరలెడిది. మద్రాసు గవర్నరు ఉదకమండలమునకు పోయెడివాడు. మధుర యందలి అమెరికా మిషనరీలు 1845లో కొడైకెనాలులో మొదటి యిండ్లు కట్టించుకొనిరి. సామాన్యులకు కొండలు లేవు. వారికి పుట్టినయూరే కొండ, మామిడిచెట్టు నీడయే చల్లదనము. నేడు రాకపోకలు సులభమైనవి, గదిని చల్లపరచు యంత్రములు వచ్చినవి. ఊరికి పోవలసిన యవసరము తగ్గినది. అవసరము తగ్గినకొలది బెంగ పెరిగినది. అందుచేతనే ఈ బెంగను ఒకసారి పరీక్షింపవలెనని మాకు తోచినది.

మా స్వస్థలము కోనసీమలో రాజోలునకు సమీపమున నున్న చిన్న యూరు. రేవు మెట్లపై కూర్చుండి కన్నులు మూసికొన్నచో కొబ్బరితోటల నీడయు, కాలువగట్టును, చిన్ననాటి యీతలును కనబడును. ఆ తలపులలో కాలువ యెప్పుడును నిండుగానే పారుచుండును. కాని చదువరులారా, మే నెలలో మా కాలువ నిండుగా నుండదు. అసలు పారనే పారదు. మేము ఈదినది ఏప్రిల్ మొదటి దినములలోనో, జూన్ నెలలో నీరు వదలిన తరువాతనో యై యుండవలెను. నడుమనున్న దినములను మా జ్ఞాపకము నేర్పుగా తీసివేసినది.

ఈ సంగతి డెల్టాలో పుట్టిన పిల్లలకు తెలిసినదే. పట్టణపు పిల్లలకు మాత్రము చెప్పవలసియున్నది. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేయించిన ధవళేశ్వరపు ఆనకట్ట స్థానమున, 1982లో నేటి బ్యారేజి పూర్తియైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా అది నదికి అడ్డముగా నిలిచియున్నది. అది నీటిని నిలుపుటచేతనే దానికి ఎగువనున్న మన పట్టణపు రేవులలో మండు వేసవియందును గోదావరి నిండుగా కనబడును. దానికి దిగువను ఏటిపాయలలో ఇసుక మేటలే యెక్కువ. దాళ్వా పంట చేతికివచ్చిన పిమ్మట, సాధారణముగా ఏప్రిల్ నెలలో, కాలువలు కట్టివేయుదురు. పూడిక తీయుటకు, గుర్రపుడెక్క తొలగించుటకు, లాకులును తలుపులును బాగుచేయుటకు ఆ విరామ మవసరము. కట్టివేయుటకు ముందు ఊరూరి చెరువులను నింపుకొందురు. జూన్ నెలలో తిరిగి నీరు వచ్చువరకు ఆ చెరువు నీరే ఆధారము. సముద్రమునకు చేరువనున్న గ్రామములలో బావినీరు ఉప్పన. కావున శివారు గ్రామమునకు వేసవి యనగా మామిడిపండ్లు మాత్రమే కాదు, చెరువులో ఎన్ని మెట్లు బయటపడినవో లెక్కించుకొను కాలము కూడ.

రేవు మెట్లపై మాకు చల్లగాలి నిచ్చు నీరును, మా యూరి కాలువలో లేని నీరును ఒక్కటే నది నీరు. ఇందు ఎవరి యపరాధమును లేదు. కాని మేము గాలి పీల్చుచు ఊరిని తలచుకొనునప్పుడు ఈ మాట తలచుకొనలేదు. అదియే మా లోపము.

మా తల్లిగారు ఒంటరిగా ఊరిలోనే యున్నారు. మూడు సంవత్సరములు వరుసగా ఏప్రిల్ నెలలో ఆమె టెలిఫోనులో ఒకే మాట చెప్పిరి. "కాలువ కట్టేశారు బాబూ. ఎండలు మండిపోతున్నాయి. పిల్లలకు ఈ నీళ్లు పడవు. నీళ్లొచ్చాక వద్దురుగానిలే." మేము ఆమె మాట మన్నించితిమి. నీళ్లు వచ్చునప్పటికి బడి తెరతురు. తల్లి మాట జవదాటలేదను తృప్తితో మూడు వేసవులు గోదావరి గట్టుపై గడపితిమి. మిత్రులతో ఊరిని గూర్చి బెంగగా మాటలాడితిమి. ఆ మాటలలో కపటము లేదు. కాని ఖర్చును లేదు.

గత సంవత్సరము మే నెలలో ఆమెకు చెప్పకయే బయలుదేరితిమి. రావులపాలెము, కొత్తపేట, గన్నవరముల మీదుగా బస్సు సాగినది. దారిలో కాలువలు అడుగు తేలియున్నవి. వైనతేయ పాయమీదుగా కాలువ నీటిని మా వైపునకు దాటించు అక్విడక్టు గన్నవరమున నున్నది. 2000లో వాడుకలోనికి వచ్చిన దీనికి, ఆకలితో వచ్చిన బాటసారుల కెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆమె 1841 మొదలు 1909 వరకు జీవించిరి. చిన్ననాడు మేము ఏ నీటిలో ఈదితిమో ఆ నీరు ఏటిని దాటివచ్చిన దారి యిదియే యని ఎరిగియు, శ్రద్ధతో చూచుట ఆ దినముననే జరిగినది.

ఇంటికి చేరునప్పటికి అమ్మగారు ఆవకాయ కలుపుచుండిరి. ఒక్కరి కొరకు కాదు. మా యింటికి పంపవలసిన జాడీయే పెద్దది. త్రాగునీటి డబ్బాలు రెండు గుమ్మమున నుండెను. ఎవరు మోసితెచ్చిరని యడుగగా, ప్రక్కయింటి కుఱ్ఱవాడు వచ్చిననాడు వాడు తెచ్చుననియు, రానినాడు తానే సగము సగముగా తెచ్చుకొందుననియు చెప్పిరి. "రావద్దంటిని గదా" యని కోపగించిరి గాని, ఆ కోపము ఎక్కువసేపు నిలువలేదు. ఆ వారము మేము నీరు మోసితిమి. పిల్లలు మొదటి దినమున విసుగుకొనిరి. మూడవ దినమున బిందెతో సగము నీరు చాలించి స్నానము చేయుట నేర్చిరి. చెరువు మెట్లు లెక్కించి సాయంకాలము అవ్వకు చెప్పుట వారికి ఆటయైనది. మా అవ్వగారు దిగనోచుకొనని మెట్లే యవి.

నాలుగవ రాత్రి అరుగుపై కూర్చుండియుండగా అమ్మగారు మమ్ముల నొక ప్రశ్న యడిగిరి. "గోదావరి గట్టు మీద ఇప్పుడూ అంత గాలి వస్తోందా?" ఆమె యౌవనమున రాజమహేంద్రవరముననే ఉపాధ్యాయ శిక్షణ పొందిరి. అప్పటికి రెండవ వంతెన స్తంభములు లేచుచుండెను. సాయంకాలములందు స్నేహితురాండ్రతో రేవు మెట్లపై కూర్చుండి ఆ పని చూచుచుండెడివారట. ఆ వంతెనపై రైలు దీపములు నీటిలో కనబడుట చూడవలెనని కోరిక యుండెనట. పిదప ఉద్యోగము, వివాహము, పిల్లలు. ఇన్ని సంవత్సరములలో పట్టణమునకు వచ్చిన ప్రతిసారియు ఆసుపత్రికో, పెండ్లికో వచ్చి మరునాడే తిరిగిపోయిరి. మేము ఆమె యూరికై బెంగపడుచుండగా, ఆమె మా పట్టణమునకై బెంగపడుచున్నదని మాకు తోచనే లేదు. మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు.

మరల వచ్చునప్పుడు ఆమెను వెంటబెట్టుకొని వచ్చితిమి. వచ్చిన నాటి సాయంకాలమే రేవునకు పోయితిమి. రైలు వచ్చినది, దీపములు నీటిలో కదలినవి. ఆమె ఏమియు మాటలాడలేదు. రెండవ రైలు వచ్చువరకు లేవనని మాత్రము చెప్పిరి.

ఈ యనుభవమువలన మాకు కలిగిన యభిప్రాయము ఇది. పట్టణమున సుఖపడుట తప్పు కాదు, ఊరికై బెంగపడుట గొప్పయు కాదు. ఊరు కష్టములోనున్న నెలలో ఊరికి పోవుటయే బెంగకు పరీక్ష. పండ్లును పండుగలును ఉన్నప్పుడు మాత్రమే పోవువాడు అతిథి. నీరు లేనప్పుడు పోవువాడు ఇంటివాడు. అట్లే మనము అనుభవించు పట్టణపు సుఖములో మన పెద్దల కొక పాలుండవలెను. ఒకరి నొకచోట విడిచి, దూరమునుండి తలచుకొనుట ప్రేమలో సగము మాత్రమే.

ఆరోగ్యమువలనను, జీవనోపాధివలనను పోలేనివారు కలరు. ఏటి కోతకో, తుపానుకో లోనై పోవుటకు ఊరే లేనివారును కలరు. 1996 నవంబరు తుపాను కోనసీమలో ఎన్ని యిండ్లను పాడుచేసెనో పెద్దలెరుగుదురు. అట్టివారిని గూర్చి మేము చెప్పుటలేదు. పోగలిగియు పోనివారిని గూర్చియే, అనగా మావంటివారిని గూర్చియే చెప్పుచున్నాము.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యూరి చెరువునకు ఏ కాలువనుండి నీరు వచ్చునో, ఆ కాలువ ఎక్కడ చీలునో, లొల్ల లాకులవద్దనో మరియొకచోటనో, మీ పెద్దలనడిగి ఒక పుటలో వ్రాసికొనిరండు. ఏ చెరువు మెట్లు ఎవరు దిగనోచుకొనలేదో అదియును అడిగి వ్రాయుడు. వచ్చు సంవత్సరపు సంచికకు అంతకంటె మంచి వ్యాసములుండవు. తల్లిదండ్రులారా, పిల్లలకు కష్టము తగులునని వారిని రావద్దనకుడు. బిందె మోసిన చేయి పుస్తకము పట్టుటకు పనికిరాకపోదు. తోడి ఉపాధ్యాయులారా, "పోవలెను" అను మాటకు ప్రక్కన ఒక తేదీ వ్రాసికొందము.

మేము వ్రాసికొంటిమి. ఈ వేసవి మే నెల మొదటి సగము మేము ఊరిలోను, రెండవ సగము అమ్మగారు మా యింటిలోను గడుపుటకు ఒప్పందమైనది. ఒప్పందములో ఆమె చేర్చిన షరతు ఒక్కటియే. ప్రతి సాయంకాలమును రేవునకు తీసికొనిపోవలెను.